విరామంలో మాట అందించకూడదు

మా మేనత్త వెనకాల నిలబడి ఉన్న సంగతి తెలియకపోతే, ఎంతటి నత్తివాడైనా ఆ పూటకు వక్త అయిపోతాడు. తెలిసిందా, ఇక చచ్చాడే. వాడు నోరు తెరిచేసరికి వాడి మాట ఆవిడ పెదవుల మీద ముందే ఆడుతూ ఉంటుంది.

నాకు పెళ్లయిన కొత్తలో, తడి తువ్వాలు మంచం మీద పడేశానని మా ఆవిడకూ నాకూ మాటామాటా పెరిగింది. "అసలు నువ్వెప్పుడైనా..." అని ఊపుగా మొదలుపెట్టి, తరవాతి మాట తోచక ఆగాను. గుమ్మం పక్క నుంచి సన్నగా, గాలి వీచినట్టు, "నా మాట విన్నావా" అని వినిపించింది. "నా మాట విన్నావా!" అని గర్జించాను. "మీరు మాత్రం..." అని మా ఆవిడ తడబడింది. గుమ్మం ఆమెకూ అందించింది: "మా అన్నయ్య వచ్చిన రోజున..." ఆమె అందుకుంది. అలా అరగంట సేపు పోట్లాట బ్రహ్మాండంగా నడిచింది. మా అత్త ఎవరి పక్షమూ వహించలేదు. ఇద్దరికీ సమానంగా అందించింది. చివర్లో మూడు కప్పుల టీతో లోపలికి వచ్చి, "మొదట్లో బాగా పట్టారర్రా. మధ్యలో కాస్త జారింది" అని తీర్పు చెప్పి, ఆ తడి తువ్వాలు తనే దండెం మీద ఆరేసింది.

ఆవిడ వృత్తి అది. నాటకాల కంపెనీలో ప్రాంప్టరు. తెర పక్కన చీకట్లో నిలబడి, మాట మరిచిపోయిన నటుడికి ఆ మాట అందించడం. హాల్లో మొదటి వరసకు వినపడకూడదు, వేదిక మీద చివరి మనిషికి వినపడాలి. అలాంటి గొంతు సాధనతో వస్తుందో పుట్టుకతో వస్తుందో నాకు తెలియదు కానీ, ఇంట్లో అందరం ఆవిణ్ణి గుసగుసత్త అనేవాళ్లం.

నిజానికి ఆవిడ కంపెనీలో చేరింది నటించడానికే. మొదటి వేషం రాణిగారి చెలికత్తె. ఉన్నది ఒకే ఒక్క మాట: "అమ్మగారూ, రథం సిద్ధంగా ఉంది." మొదటి ఆట రోజున రాణిగారికి జ్వరం. అడుగడుక్కీ మాట మరిచిపోతోంది. పక్కన వింజామర వీస్తున్న చెలికత్తె, వీస్తూ వీస్తూ, రాణిగారి మాటలన్నీ ఒక్కొక్కటే అందించింది. జనానికి అనుమానం కూడా రాలేదు. అంతా సవ్యంగా జరిగాక చెలికత్తె వంతు వచ్చింది. అందరూ ఆమె వైపు చూశారు. మా అత్త కూడా, ఇంకెవరో మాట్లాడాలన్నట్టు, అందరి వైపూ చూసింది. ఒక్క ముక్క నోట్లోంచి రాలేదు. చివరికి రాణిగారే, "రథం వచ్చినట్టుందే, నేనే చూసుకుంటాలే" అని వెళ్లిపోయింది.

ఆట అయ్యాక కంపెనీ యజమాని ఆమెను పిలిచి, "అమ్మాయ్, నువ్వు బంగారానివి. ఇక బయటికి రాకు" అన్నాడట.

అలా తెర పక్కకు వెళ్లిన మనిషి, కంపెనీ మూతపడి ఆ హాలు సోఫాల దుకాణం అయ్యేదాకా అక్కడే నిలబడింది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకత్తయ్యా అని అడిగితే, "వచ్చినవాళ్లంతా తమ మాటలు తామే మరిచిపోయారురా. అన్నీ నేనే అందిస్తే పెళ్లి నాతో నేనే చేసుకున్నట్టవుతుంది కదా" అనేది.

కంపెనీ మూసినప్పుడు ఎవరికి కావలసింది వాళ్లు పట్టుకుపోయారు. మా అత్త రెండు వస్తువులు అడిగింది. ఒకటి రాజుగారి సింహాసనం. రెండోది ఎర్ర మఖమలు తెరలో ఒక ముక్క. బట్టల ఇస్త్రీ దుకాణం మీద ఆవిడకు రెండు గదులున్నాయి. కింద పెట్టెలు పొద్దుటి నుంచి ఆవిరి కక్కుతుంటాయి కాబట్టి పైన నేల ఎప్పుడూ వెచ్చగా ఉంటుంది. ఆ ముందుగదిలో సింహాసనం పెట్టాక మనుషులకు మిగిలింది అంచులే. ఎవరొచ్చినా పక్కకు తిరిగి, పొట్ట లోపలికి పీల్చుకుని నడవాలి. సింహాసనానికి ఒక కాలు పొట్టి, కింద చెక్కముక్క పెట్టింది. దాని మీద కూర్చుని పేపరు చదువుతుంది, గోళ్లు తీసుకుంటుంది, బఠాణీలు వలుస్తుంది. మఖమలు ముక్కను వంటగదికీ ముందుగదికీ మధ్య కట్టింది.

ఆ మఖమలు తెరను చూసి నిద్రపోలేని మనిషి ఒకడున్నాడు. మా బాబాయి, ఆవిడ ఆఖరి తమ్ముడు. అగ్నిమాపక శాఖలో పనిచేసి రిటైరయ్యాడు. ఉద్యోగం వదిలింది కానీ శాఖ ఆయన్ను వదల్లేదు. పెళ్లికి పిలిస్తే ముందు చూసేది పెళ్లికూతుర్ని కాదు, బయటికి పోయే దారి ఎటుందని. పుట్టినరోజు కేకు మీద కొవ్వొత్తి వెలిగిస్తే నీళ్ల గ్లాసు పట్టుకుని పక్కనే నిలబడతాడు.

"అక్కా, ఆ తెర తీసెయ్. అంటుకుందంటే మూడు నిమిషాలు కూడా పట్టదు" అనేవాడు.

"ఏ అంకంలో అంటుకోవాలో చెప్పు, అప్పటికి తీస్తాను" అనేది ఆవిడ.

ఆయన భయం ఉత్తదేమీ కాదు. మా అత్తకు నలభై నాటకాల మాటలు గుర్తే కానీ, పొయ్యి మీద పాలు పెట్టిన సంగతి గుర్తుండదు. ఒకసారి గిన్నె మాడింది. ఇంకోసారి గిన్నెతోపాటు పక్కన పెట్టిన గుడ్డ అంటుకుని, తెర అంచు కూడా కమిలింది. పొగ చూసి ఇస్త్రీ దుకాణం ఆయన మెట్లెక్కి పరుగెత్తుకొచ్చి, చేతిలో ఉన్న తడి కోటు మంట మీద వేసి ఆర్పేశాడు. ఆ కోటు ఎవరో బ్యాంకు మేనేజరుది. ఆ రోజు మా అత్త పేపరు కూడా తెరవకుండా, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, చీకటిపడేదాకా సింహాసనం మీదే కూర్చుంది.

ఆ వారంలోనే బాబాయి కోర్టుకు వెళ్లాడు. మా అక్క తన మంచిచెడ్డలు తాను చూసుకునే స్థితిలో లేదు, ఆమెకు నన్ను సంరక్షకుడిగా నియమించండి అని. అలా నియమిస్తే ఆవిడ ఎక్కడ ఉండాలో, ఏం ఉంచుకోవాలో, ఎక్కడ సంతకం పెట్టాలో అన్నీ ఇక ఆయనే చెబుతాడు. తన ఇంట్లో వెనకగది సిద్ధం చేశాడు. శుభ్రమైన గదే. పొయ్యి లేదు, తెర లేదు, సింహాసనం పట్టే గుమ్మం లేదు. గోడకు ఒక గంట మాత్రం ఉంది, ఏం కావాలన్నా నొక్కడానికి.

డాక్టరు పరీక్ష చేయడానికి వచ్చాడు. "ఇవాళ ఏం వారమమ్మా?" అని అడిగాడు.

"ఆట ఉన్న రోజా, లేని రోజా చెప్పు నాయనా. వారం నేను చెప్తాను."

డాక్టరు కాగితం మీద ఏదో రాసుకున్నాడు. ఏం రాశాడోనని నేను మెడ చాచేసరికి కాగితం మడిచేశాడు.

నోటీసు వచ్చిన రోజున మా అత్త దాన్ని కళ్లజోడు పెట్టుకుని మొదటి నుంచి చివరిదాకా చదివింది. "భాష బాగానే ఉంది. కానీ అల్లుడూ, ఇందులో అందరూ నా గురించే మాట్లాడుతున్నారు. నాకు మాత్రం ఒక్క డైలాగూ లేదేమిట్రా?"

ఉచిత న్యాయ సహాయం కింద మాకు ఒక లాయరమ్మాయిని ఇచ్చారు. సన్నగా, చిన్నగా ఉంటుంది. భుజానికి తన కంటే పెద్ద సంచీ. సింహాసనం పక్క నుంచి దూరబోయి సంచీతో సహా ఇరుక్కుపోయింది. నేను లాగితే గానీ రాలేదు. కూర్చోవడానికి ఇంకేమీ లేక, ఊపిరి తీసుకుంటూ మెల్లగా సింహాసనం మీదే కూర్చుంది. మా అత్త ముక్కాలి పీట మీద కూర్చుంది.

"నువ్వు ఏమేం చెప్పాలనుకున్నావో చెప్పెయ్యమ్మా. నడుమ మరిచిపోతే నేనున్నాను" అంది మా అత్త.

"అది కాదు పెద్దమ్మా. మీకేం కావాలి?"

"నాకా?" అని మా అత్త వెనక్కి తిరిగి చూసింది, ఇంకెవరైనా ఉన్నారేమోనని.

"మీకే. చూడండి పెద్దమ్మా, పాలు మాడబెట్టుకున్నంత మాత్రాన మనిషి హక్కులు పోవు. మాడిన గిన్నెలకల్లా సంరక్షకుల్ని వెయ్యాలంటే ముందు మా అమ్మకు వెయ్యాలి. తెలివితక్కువ పని చేసే హక్కు అందరికీ ఉన్నట్టే మీకూ ఉంది. మతిమరుపుకు సాయం కావాలంటే సాయం ఇప్పిస్తారు. అంతేగానీ, మీ నోరే ఇంకొకరికి ఇచ్చెయ్యక్కర్లేదు. కాకపోతే ఒకటుంది." ఆ అమ్మాయి గొంతు తగ్గించింది. "జడ్జిగారు మిమ్మల్ని సూటిగా అడుగుతారు, మీకేం కావాలని. అది మీరే చెప్పాలి. నేను చెప్తే కుదరదు. మీరు చెప్పలేకపోయారంటే, ఆ వెనకగదే."

మా అత్తా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఇద్దరికీ గుర్తొచ్చింది రథమే.

మరునాటి నుంచి రిహార్సలు. నేను జడ్జినై సింహాసనం మీద కూర్చునేవాణ్ణి. "అమ్మా, మీకేం కావాలి?"

"నా రాజ్యం నాకు కావాలి! నా కుమారుని తల నాకు కావాలి!"

"అత్తయ్యా, అది రాణిగారిది."

"బాగుంది కదరా."

"బాగుంది. కానీ వెనకగదికి పంపిస్తారు."

ఎన్నిసార్లు అడిగినా ఎవరో ఒకరి మాటే వచ్చేది. సేనాపతిదో, విదూషకుడిదో, ఉరికంబం ఎక్కబోయే దొంగదో. ఒకసారి దొంగ మాటలు ఎంత బాగా చెప్పిందంటే, నేను జడ్జినన్న సంగతి మరిచి కళ్లు తుడుచుకున్నాను.

విచారణ రోజున మేం వెళ్లేసరికి బాబాయి కోర్టు వరండాలో నిప్పు ఆర్పే సిలిండరు ముందు కూర్చుని దాని గడువు తేదీ చదువుతున్నాడు. "చూశావటయ్యా, ఎప్పుడో దాటిపోయింది! ఇంతమంది వచ్చే చోట!" అని బంట్రోతును నిలదీస్తున్నాడు. మమ్మల్ని చూసి లేచాడు. చంకలో ఒక మెత్త ఉంది. దాన్ని అక్క చేతికిచ్చి, "లోపల బల్ల గట్టిగా ఉంటుందక్కా" అన్నాడు నేల చూపులు చూస్తూ.

"నా మీద కేసు వేసి మెత్త తెచ్చావట్రా?"

"కేసు కేసే. నడుం నడుమే."

ఆ మెత్త మీదే కూర్చుంది మా అత్త.

బాబాయి తరఫు లాయరుది భారీ విగ్రహం, అంతకంటే భారీ గొంతు. డాక్టరు మాటలు చదివాడు. తెర కమిలిన సంగతి, బ్యాంకు మేనేజరు కోటు సంగతి చెప్పాడు. చెబుతున్న కొద్దీ మా అత్త కొద్దికొద్దిగా ముందుకు వంగుతోంది, పెదవులు కదులుతున్నాయి. ఆవిడ చెయ్యి పట్టుకుని నొక్కాను. లాభం లేదు, అప్పటికే పనిలోకి దిగిపోయింది.

"కాబట్టి అయ్యా... క్షమించాలి, అమ్మా, ఈ వృద్ధురాలు తన వ్యవహారాలు తాను చక్కబెట్టుకోవడానికి పూర్తిగా..." అని చెయ్యి పైకెత్తి ఆయన ఆగాడు. మాట తట్టలేదు. చెయ్యి అలాగే గాల్లో ఉంది.

"అసమర్థురాలు" అని సన్నగా, స్పష్టంగా వినిపించింది.

"అసమర్థురాలు!" అని ఆయన ఉరిమాడు. "బొత్తిగా..."

"నిస్సహాయురాలు."

"నిస్సహాయురాలు!"

మా లాయరమ్మాయి రెండు చేతుల్తో తల పట్టుకుంది. జడ్జిగారు, నెరిసిన జుట్టు ఆవిడ, కలం ఆపి కళ్లజోడు మీదుగా చూశారు. "ఆ మాటలు ఎవరంటున్నారు?"

అప్పుడు గానీ లాయరుగారికి తెలియలేదు, తనకు అందుతున్న మాటలు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో. కానీ గట్టివాడు, సర్దుకున్నాడు. "చిత్తగించండి, ఆమే ఒప్పుకుంటోంది!"

"ఒప్పుకోలేదు బాబూ, అందించాను. అంత పెద్ద గొంతు అలా గాల్లో వేలాడుతుంటే చూడలేకపోయాను" అంది మా అత్త.

హాలంతా నవ్వు. జడ్జిగారు ఫైలు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. ఫైలు దించాక మాత్రం మొహంలో నవ్వు లేదు. "అమ్మా, మాటలు గుర్తుండటం వేరు. ఎక్కడ ఉండాలో, ఎలా బతకాలో నిర్ణయించుకోవడం వేరు. అందుకని మిమ్మల్నే అడుగుతున్నాను. మీకేం కావాలి?"

మా అత్త లేచి నిలబడింది. నోరు తెరిచింది. మూసింది.

పైన ఫ్యాను తిరుగుతోంది. టైపు చేసే ఆయన వేళ్లు గాల్లో ఆగిపోయి ఉన్నాయి. మా అత్త అందరి వైపూ చూసింది. ఆ చూపు నేనెప్పుడూ చూడకపోయినా గుర్తుపట్టాను. వింజామర పట్టుకున్న పిల్ల చూపు అది. నిమిషం గడిచింది. పెద్ద గొంతు లాయరు సంతోషంగా గొంతు సవరించుకున్నాడు.

ఉండబట్టలేకపోయింది బాబాయే. బెంచీ మీంచి సగం లేచి, "నా దగ్గర ఉంటానని చెప్పక్కా" అన్నాడు బతిమాలుతున్నట్టు.

మా అత్త అటు చూడకుండానే చూపుడువేలు పైకెత్తింది.

"ఎవరూ అందించకండి" అంది. "మరిచిపోలేదు. ఇది విరామం." తరవాత జడ్జిగారితో, "క్షమించండమ్మా. నటుడు మరిచిపోతే మాట అందించాలి, విరామం తీసుకుంటే నోరు మూసుకోవాలి. ఆ తేడా తెలియనివాణ్ణి మా కంపెనీలో తెర దగ్గరికి కూడా రానిచ్చేవాళ్లు కాదు. వాడికి తెలియదు పాపం" అంది.

జడ్జిగారు కలం బల్ల మీద పెట్టేశారు. "తీసుకోండి" అన్నారు.

తీసుకుంది. ఈసారి ఎవరూ కదల్లేదు. చివరికి మాట్లాడింది. రాణిగారి గొంతు కాదు, సేనాపతిది కాదు. ఎగుడుదిగుడుగా, ఒక మాట ముందు, ఒక మాట వెనక.

"నా ఇంట్లో నేనుంటానమ్మా. ఆ రెండు గదుల్లో. కింద ఇస్త్రీ వల్ల నేల వెచ్చగా ఉంటుంది, నా కాళ్లకు బాగుంటుంది. సింహాసనం కూడా ఉంటుంది. అడ్డమే, తెలుసు. తెర... తెర ఉంచాలని ఉంది కానీ, పొయ్యి దగ్గర నుంచి తీసి కిటికీకి కడతాను. మొన్న కమిలినప్పుడు నేనూ జడుసుకున్నాను. వీడికి చెప్పలేదంతే. పాలు మరిచిపోతాను, నిజమే. ఎవరైనా గుర్తు చేస్తే సంతోషం." ఊపిరి తీసుకుంది. "గుర్తు చెయ్యమంటున్నాను. నా బదులు తాగెయ్యమనలేదు."

టైపు చేసే ఆయన వేళ్లు అప్పుడు కదిలాయి.

"గుర్తు చేసే మనిషిగా ఎవరు కావాలి మీకు?" అని అడిగారు జడ్జిగారు.

రిహార్సల్సు అన్నీ చేయించింది నేను. ఆవిడ చెయ్యి నొక్కీ నొక్కీ వేళ్లు నొప్పెట్టింది నాకు. కాబట్టి చొక్కా సర్దుకుని, మొహం మీదికి కొంచెం వినయం తెచ్చుకుని, సగం లేచి జడ్జిగారికి నమస్కారం కూడా పెట్టేశాను.

"అదిగో, వాడమ్మా" అని మా అత్త బాబాయిని చూపించింది. "వాడంత భయస్తుడు నాకింకెక్కడ దొరుకుతాడు? నిద్రలో కూడా నా పొయ్యి గురించే ఆలోచిస్తాడు. కాకపోతే నేను చెయ్యి చూపించినప్పుడే మాట అందించాలి."

నేను ఆ నమస్కారాన్ని అలాగే నెత్తి మీదికి తీసుకెళ్లి జుట్టు దువ్వుకున్నట్టు చేసి కూర్చున్నాను. బంట్రోతు ఒక్కడే చూశాడు. ఇప్పటికీ దారిలో కనబడితే జుట్టు దువ్వుకుని మరీ నవ్వుతాడు.

సంరక్షకుడి నియామకం అక్కర్లేదని జడ్జిగారు చెప్పేశారు. ఆమె నిర్ణయాలు ఆమెవే. సాయం ఎవరు చెయ్యాలో ఆమె ఇష్టం. ఆ సాయం నచ్చకపోతే మనిషిని మార్చుకోవడమూ ఆమె ఇష్టమే. "మీకేమైనా అభ్యంతరమా?" అని బాబాయిని అడిగారు.

బాబాయి నోరు తెరిచాడు. కేసు ఓడిపోయినట్టో గెలిచినట్టో ఆయనకే తెలియడం లేదు. కళ్లలో నీళ్లు. హాలంతా చూస్తోంది. విరామం కాదది, ఎవరు చూసినా మరిచిపోవడమే.

"లేదండీ" అని సన్నగా వినిపించింది.

"లేదండీ" అన్నాడు బాబాయి.

ఇప్పుడాయన రోజూ పొద్దున్నే మెట్లెక్కి వచ్చి, వంటగది గుమ్మం పక్కన మా అత్త చూపించిన ముక్కాలి పీట మీద కూర్చుంటాడు. మొదట్లో పాలు గిన్నెలో పోస్తుండగానే "పాలు! పాలు!" అని అరిచేవాడు. "వాటి ప్రవేశమే కాలేదు, అప్పుడే నిష్క్రమణ చెప్తావేంరా" అని తిట్లు తినేవాడు. మెల్లగా గొంతు తగ్గింది. మొన్న నేను వెళ్లేసరికి గుసగుస కూడా వచ్చింది, కొంచెం బొంగురుగా.

ఆ రోజు మా అత్త సింహాసనం మీద కూర్చుని జ్వరం వచ్చిన రాణిగారి కథ చెబుతోంది. వెనక పొయ్యి మీద పాలు. చెబుతూ చెబుతూ, రథం దగ్గరికి వచ్చేసరికి ఆగింది. నేను బాబాయి వైపు చూశాను. ఆయన పీట అంచులు పట్టుకుని, మెడ చాచి, పొయ్యిని చూస్తున్నాడు. పాలు గిన్నె అంచు దాకా లేచాయి.

"అక్కా..." అన్నాడు.

మా అత్త వేలెత్తింది.

పాలు పొంగి, పొయ్యి మీద సుయ్యిమన్నాయి. మంట ఆరిపోయింది. ఒక్క గెంతులో లేచి వెళ్లి గ్యాసు కట్టేసి వచ్చాను. బాబాయి మొహం నిజంగా ఇల్లు కాలుతున్నప్పుడు కూడా అంత పాలిపోయి ఉండదు. కానీ పీట మీంచి లేవలేదు.

మా అత్త వేలు దించి, వెనక్కి తిరిగి పొయ్యిని చూసింది. కాసేపటికి, "ఇందాకటిది విరామం కాదురా. మరిచిపోయాను" అని ఒప్పుకుంది. ఆ తరవాత తమ్ముడికి చెయ్యి చూపించింది. "ఇప్పుడు అందించు. తుడిచే వంతు ఎవరిది?"

బాబాయి ముందుకు వంగాడు. మొదటి వరసకు వినపడకుండా, చివరి మనిషికి వినపడేలా అందించాడు.

"నీదే, అక్కా."

ఆవిడ చీర కొంగు బిగించి, గుడ్డ తీసుకుని పొయ్యి దగ్గరికి వెళ్లింది. బాబాయి రెండు చేతులూ మోకాళ్ల కింద పెట్టుకుని, వాటి మీద గట్టిగా కూర్చున్నాడు.